పునాది మీద తారు పొర: తొమ్మిదేళ్ల తర్వాత

పర్లాకిమిడిలో మా అమ్మమ్మగారింటి గోడలు నడుము ఎత్తు దాకా ఎప్పుడూ చెమ్మగానే ఉండేవి. దసరాకి సున్నం వేస్తే సంక్రాంతికల్లా పెచ్చులుగా రాలిపోయేది. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నేలలోని తడిని పైకి పీలుస్తుంది. అందుకే 2016లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు నేను పట్టుబట్టి చేయించింది ఒక్కటే, పునాది మీద గోడ మొదలయ్యే చోట డీపీసీ (డ్యాంప్ ప్రూఫ్ కోర్సు), అంటే నేల తడి గోడలోకి ఎక్కకుండా ఆపే పొర. ఒకటిన్నర అంగుళాల కాంక్రీటు, అది ఆరాక రెండు పూతలు వేడి తారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వాకిట్లో నీళ్లు నిలిచిపోయాయి. నీరు తీశాక గదుల్లో గోడలన్నీ అరచేత్తో తడిమి చూశాను. పొడిగా ఉన్నాయి! ఆ సంతోషంలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "డీపీసీ వేయించండి, ఇక చెమ్మ బెంగ ఉండదు" అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనలేను.

2022లో మా వీధికి సీసీ రోడ్డు పడి ఎత్తు పెరిగింది. వాన నీరు లోపలికి రాకూడదని మేమూ గ్రావెల్ పోయించి వాకిలి ఎత్తు చేసి గచ్చు చేయించాం. మరుసటి వానలకి దేవుడి గది గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగింది. డీపీసీ పాడైపోయిందని ఎంత టెన్షన్ పడ్డానో! పునాది కట్టిన మేస్త్రీనే పిలిపించాను. ఆయన గోడ పక్కన గచ్చు కాస్త పగలగొట్టాడు. నల్లటి తారు గీత గచ్చుకి నాలుగు వేళ్ల కింద ఉంది.

"నా పని చెడలేదమ్మా, మీరే దాన్ని పూడ్చేశారు" అన్నాడు.

నిజమే. ఆ గీత బయటి నేలకి కనీసం ఆరంగుళాల ఎత్తున ఉండాలి. మొదట ఉంది కూడా. ఇప్పుడు తడి మట్టి దాన్ని దాటి నేరుగా ఇటుకకే తగులుతోంది.

గోడ వెంట అడుగు వెడల్పున గచ్చు తీయించి, గీతకి ఆరంగుళాల కిందికి తవ్వించి, నీరు పోయేలా వాలు పెట్టి కంకర నింపించాం. లోపల మూడడుగుల ఎత్తు ప్లాస్టరింగ్ గీకించి, వేసవంతా ఆరనిచ్చాం. అప్పటి తారు ఖర్చు కన్నా దీనికే ఎక్కువైంది. గోడ బాగుపడింది. మేడమెట్లు ఆనుకున్న మూల మాత్రం ఇంకా ఉప్పు పడుతూనే ఉంది. మెట్లు తర్వాత కట్టించాం, వాటి కింద ఏ పొరా లేదు.

ఇంకొకటి, డీపీసీ గోడలకే కాపు. నేల కింద పాలిథీన్ షీటు దండగని అప్పట్లో వద్దన్నాను. ఇప్పుడు శ్రావణంలో నేల చెమ్మకి వంటింట్లో బియ్యం బస్తా కింద పెట్టలేను.

మాది ఎర్రమట్టి, నది పొంగే చోటు కాదు. మహేంద్రతనయ నది ఒడ్డున, బావిలో నీళ్లు చేతికందే చోట కట్టేవాళ్లు నా లెక్క పెట్టుకోకండి. నేను మళ్లీ కడితే మాత్రం తారుతో పాటు షీటు కూడా వేయిస్తాను. ఆ గీత ఎక్కడుందో బయటి గోడ మీద రంగుతో గుర్తు పెట్టిస్తాను, రేపు వాకిలి చేసే మనిషికి కనిపించేలా.