గుర్రపు పిల్ల మెడ దగ్గరి గడ్డను కణితి అని చెప్పి అమ్మితే నమ్మవద్దు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను పెంచేవారు, కొత్తగా పిల్లను కొనదలచినవారు దయచేసి ఇది చదవండి.

గత నెలలో చిత్తూరు దగ్గర ఒక దళారి నుంచి 16 నెలల ఆడ పిల్లను కొన్నాను. దాని దవడ కింద నిమ్మకాయంత గడ్డ కనిపించి అడిగితే, అది కణితి అనీ, డాక్టరు చూసి ప్రాణభయం లేదన్నాడనీ చెప్పి, ఆ లోపానికి గాను ధరలో 15,000 రూపాయలు తగ్గించాడు. కణితి అయితే పక్క గుర్రానికి అంటుకోదు కదా అనే ధైర్యంతో, చంద్రగిరిలోని మా పాకలో పాత గుర్రం పక్కనే దాన్ని కట్టేసి, రెండింటికీ ఒకే తొట్టిలో నీళ్లు పెట్టాను.

మూడో రోజు పొద్దున పిల్ల మెడ చాచి నీళ్లు తాగబోతే, మింగలేక ఆ నీళ్లు ముక్కులోంచి తిరిగి వచ్చాయి. గడ్డ మీద అరచెయ్యి పెడితే కాలుతున్నట్టు ఉంది. కొంచెం నొక్కగానే తల విదిల్చుకుంది. 99 నుంచి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాల్సిన ఒంటి వేడి 104కు చేరింది. పశువైద్యురాలు గడ్డలోకి సూది దించితే చిక్కటి పసుపుపచ్చ చీము వచ్చింది. దాన్ని ల్యాబుకు పంపితే స్ట్రెప్టోకాకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. అంటే అది కణితి కాదు, గుర్రాల మధ్య వేగంగా పాకే స్ట్రాంగిల్స్ అనే అంటువ్యాధి. ఈ జబ్బు సోకిన 3 నుంచి 14 రోజుల్లో బయటపడుతుందని ఆమె చెప్పినట్టే, తొమ్మిదో రోజున మా పాత గుర్రానికీ జ్వరం వచ్చింది.

ఆమె వివరంగా చెప్పిన మరో విషయం మనందరికీ పనికొస్తుంది. చిన్న వయసు గుర్రాల్లో దవడ, మెడ దగ్గర వచ్చే వాపుల్లో నిజమైన కణితులు తక్కువ, చీముగడ్డలే ఎక్కువ. ఏడాదిలోపు పిల్లల్లో, ముఖ్యంగా ఆడ పిల్లల్లో, చెవి కింద నొప్పి లేకుండా ఉబ్బి, తడితే డోలులా మోగే వాపు ఉంటే అది గొంతు పక్కనున్న సంచిలో గాలి నిండడం కావచ్చు. చర్మం మీద పులిపిరిలా పెరిగే సార్కాయిడ్ నిజంగా కణితే అయినా, తొందరపడి కోస్తే మరింత పెరగవచ్చు. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని తేల్చాలంటే గడ్డ నుంచి తీసిన కణాలనో, చిన్న ముక్కనో మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. చేత్తో తడిమి కణితి అనడం నిర్ధారణ కాదు, ఊహ మాత్రమే.

అందువల్ల గడ్డ ఉన్న పిల్లను చూపిస్తే పరీక్ష కాగితం అడగండి. లేకపోతే మీ డాక్టరును వెంట తీసుకెళ్లండి. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న తిరుపతికి ఇంత దగ్గర్లో ఉండి కూడా, కొనక ముందే చూపించాలని నాకు తోచకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది. ఆరోగ్యంగా కనిపించే పిల్లనైనా మూడు వారాలు వేరుగా కట్టి, పూటపూటా జ్వరం చూడండి.

మా పిల్ల గడ్డ పగిలి చీము పోయింది, మేత తింటోంది. కానీ తగ్గినట్టు కనిపించినా ఈ క్రిమి ఆ గొంతు సంచుల్లో నెలల తరబడి దాగి ఉండగలదు కనుక, ఎండోస్కోపుతో చూసి నమూనాలు శుభ్రమని తేలేదాకా దాని బొక్కెన, కళ్లెం వేరే.

నేను కొన్న రోజు ఆ దళారి పాకలో ఇంకో రెండు పిల్లలు ఉన్నాయి. వాటిలో గోధుమరంగు పిల్ల ముక్కు నుంచి పచ్చటి చీమిడి కారుతుంటే దుమ్ము వల్ల అనుకున్నాను. ఈ నెలలో ఆ వైపు నుంచి అలాంటి పిల్లను కొన్నవారు ఉంటే, ఈ రోజే దాన్ని మిగతా గుర్రాల నుంచి విడిగా కట్టండి.