బ్రిటన్ ఆర్మీనా, ఫ్రాన్స్ లీజియనా: ఏది మేలు?

ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో నా నెట్ షాపుకి పొద్దున్నే రన్నింగ్ అవగానే చెమట ఆరకుండా వచ్చే కుర్రాళ్ళు ఈ మధ్య అగ్నివీర్ ఫారం మాట ఎత్తేముందే అడుగుతున్నారు: "అన్నా, బ్రిటన్ మేలా, ఫ్రాన్స్ ఫారిన్ లీజియన్ మేలా?" అగ్నివీర్‌గా చేరితే నాలుగేళ్ళయ్యాక నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరన్న టెన్షన్ వాళ్ళది. లీజియన్ అంటే ఫ్రాన్స్ సైన్యంలో విదేశీయులు చేరే దళం.

రెండు చోట్లా మనవాళ్ళకి దారి ఉంది. బ్రిటన్ కామన్వెల్త్ వాళ్ళని, అంటే ఎక్కువగా ఒకప్పుడు తన పాలనలో ఉన్న మనలాంటి దేశాల కూటమి వాళ్ళని, తీసుకుంటుంది. అక్కడ అయిదేళ్ళు కాపురం ఉండి ఉండాలన్న నిబంధన 2018 నవంబరులో తీసేశారు. అయితే అప్పట్లో ఏడాదికి 1,350 మందే అన్నారు, అదీ కామన్వెల్త్ మొత్తానికి కలిపి. లీజియన్‌కి 1831 నుంచీ ఏ దేశం మగవాడైనా ఒకటే. వయసు పదిహేడున్నర నుంచి ముప్పై తొమ్మిదిన్నర, మొదటి ఒప్పందం 5 ఏళ్ళు. ఫ్రెంచి రాకపోయినా పరవాలేదు.

వినడానికి లీజియనే సులువు. కానీ నేను చూసేది జీతం కాదు, వయసూ కాదు. వద్దన్న మాట మనం ఎక్కడ నిలబడి వింటాం? లీజియన్ వీసా ఇప్పించదు. సొంత డబ్బుతో ఫ్రాన్స్ వెళ్ళి గేటు ముందు నిలబడాలి. మెడికల్‌లో పోయిందా, దేశం కాని దేశంలో రోడ్డు మీద ఉంటాం. వీసా గడువు అక్కడ, టికెట్‌కి చేసిన అప్పు ఇక్కడ. బ్రిటన్‌కీ ప్రయాణం ఖర్చు మనదే. కాకపోతే దరఖాస్తు ఇంటి నుంచే, పిలిచాకే బయల్దేరాలి. చాలామందికి 'లేదు' అన్న మెయిల్ నా షాపులోనే వస్తుంది. ఖర్చు ప్రింటుతో సరి.

పాస్‌పోర్టు సంగతి కూడా చూడాలి. లీజియన్‌లో మూడేళ్ళకి ఫ్రాన్స్ పౌరసత్వం అడగొచ్చు. అది తీసుకుంటే మనది పోయినట్టే, మన చట్టం రెండూ ఉండనివ్వదు. తీసుకోమని బలవంతం లేదనుకోండి, కానీ అంత దూరం వెళ్ళేది దాని కోసమేగా! బ్రిటన్‌లో నాలుగేళ్ళు పనిచేస్తే స్థిర నివాసానికి పెట్టుకోవచ్చు, జేబులో మన పాస్‌పోర్టే ఉంటుంది. అందుకే నేను బ్రిటన్ వైపు.

అమెరికాకి గ్రీన్‌కార్డు ఉండాలి. ఆస్ట్రేలియా 2025లో తలుపు తీసిన దేశాల్లో మనం లేం. రష్యాలో ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు మనవాళ్ళని యుద్ధంలోకి పంపిన సంగతి 2024లో పేపర్లో చదివే ఉంటారు.

నిన్న వచ్చిన కుర్రాడి పదో తరగతి ఇక్కడిది, ఆధార్ మాత్రం ఆంధ్రా వైపు పాతపట్నంలో అమ్మమ్మగారి అడ్రసు. అగ్నివీర్‌కి ఆర్మీ భర్తీ ఆఫీసుల్లో గోపాల్‌పూర్ ఆఫీసా, విశాఖ ఆఫీసా అన్నదే తేలలేదు. తహసీల్దారు సంతకంతో నివాసం కాగితం లేందే ర్యాలీలో నిలబడనివ్వరు. బ్రిటన్ పేజీ మూసి, ఆధార్ అడ్రసు మార్చే ఫారం తీశాను. వాడు కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఒడిశా అడ్రసు పెట్టనా, ఆంధ్రాదే ఉంచనా? ఏది మేలన్నా?" అన్నాడు.