పీహెచ్‌పీ నుంచి పైథాన్‌కి మార్పించుకున్నాం, మూడున్నర స్టార్లు

చీరాలలో మా బాబాయి వాళ్ళది చీరల హోల్‌సేల్ షాపు, బిల్లింగ్ అంతా 2015లో నేను రాసిచ్చిన వెబ్ యాప్ మీదే, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు దానికే నాలుగు అతుకులేసి నడిపించేశాం. అది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, 5.6 వెర్షన్‌లో రాసింది. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు 2018 డిసెంబరుతోనే ఆగిపోయాయి, పోనీ 7కి ఎక్కిద్దామంటే డేటాబేసుతో మాట్లాడ్డానికి నేను ఎడాపెడా వాడేసిన పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు అందులో తీసేశారు. ఎలాగూ తిరగరాయాల్సిందే కదా అని పైథాన్ భాషలోకి, దాంట్లో వెబ్ యాప్‌లు కట్టే జాంగో ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చమని విజయవాడలో ఒక చిన్న టీముకి ఇచ్చాం, పేరు చెప్పను.

మంచి ముందు చెప్తా. పాస్‌వర్డ్‌లు పాత దాంట్లో ఎండీ5 అనే తేలిగ్గా ఛేదించగలిగే పాత పద్ధతిలో దాచి ఉండేవి (తిట్టకండి, అప్పుడు నాకు తెలీదు), ఎవరినీ మార్చుకోమని అడక్కుండా మొదటిసారి లాగిన్ అయినప్పుడే లోపల కొత్త పద్ధతికి మారిపోయేలా చేశారు, గుమాస్తాలకి అసలు తెలియను కూడా తెలియలేదు. కోడ్ కూడా శుభ్రంగా ఉంది, నాకే ముచ్చటేసింది.

మూడు నెలలన్నారు, ఏడు పట్టింది. తెలుగు పేర్లన్నీ పాత డేటాబేసులో లాటిన్1 కాలమ్స్‌లో, అంటే ఇంగ్లీషులాంటి యూరప్ భాషల అక్షరాలకే పనికొచ్చే వాటిలో పడున్నాయి, మొదటి డెమోలో కస్టమర్ల పేర్ల చోట నెత్తిన గీతలున్న ఇంగ్లీషు 'a' అక్షరాలు వరసగా కనపడ్డాయి, దానికే మూడు వారాలు.

అసలు గొడవ రౌండాఫ్ దగ్గర. 2250 చీర, 5 శాతం టాక్సు 112.50, మొత్తం 2362.50. పాత యాప్‌లో బిల్లు 2363, కొత్త దాంట్లో 2362! పీహెచ్‌పీ అర్ధరూపాయి వస్తే పైకి తోస్తుంది, పైథాన్ 3లో మామూలు రౌండ్ పక్కనున్న సరిసంఖ్యకి పోతుంది, అంటే 2363.50 అయితే రెండూ 2364 అనే చెప్తాయి, అందుకే ఒక బిల్లులో తేడా ఉంటే ఇంకోదాంట్లో ఉండదు, ఎక్కడుందో పట్టుకోలేక చచ్చాం. పట్టింది టీము కాదు, మా గుమాస్తా గారు, "బాబూ, మీ కొత్తది రూపాయలు మింగుతోంది" అని పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. సరిచేయడం ఒక్క లైను పని.

ఒక్క రాత్రిలో మార్చేద్దాం అన్నారు టీము వాళ్ళు, దసరాకి పది రోజుల ముందు! బాబాయి ససేమిరా అన్నాడు. అలా మూడు వారాలు రెండూ పక్కపక్కనే నడిపాం కాబట్టే ఆ రూపాయి దొరికింది. మీరు ఇలాంటి పని ఎవరికిచ్చినా పాత బిల్లులు ఓ వెయ్యి కొత్త దాంట్లో మళ్ళీ వేయించి పోల్చి చూపించమని అగ్రిమెంటులోనే రాయించుకోండి, మేం రాయించుకోలేదు, అలా పోల్చి చూపే స్క్రిప్టుకి తర్వాత విడిగా పది వేలు కట్టాం.

పాత సర్వరుకి నెట్ పీకేశాం గానీ ఇంకా షాపులోనే ఉంది, సంక్రాంతి సీజను దాటాక చూద్దాంలే అంటున్నాడు బాబాయి.