ఆర్క్ ఫ్లాష్ లెక్కల సమీక్ష: నమూనా తనిఖీయా, పూర్తి పునర్గణనా?

ఆర్క్ ఫ్లాష్ అంటే విద్యుత్ పరికరాల్లో కరెంటు గాలి గుండా దూకినప్పుడు జరిగే తీవ్రమైన వేడి, వెలుగుల పేలుడు. అందులో వెలువడే శక్తిని అంచనా వేసే లెక్కలను ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని అమెరికా విద్యుత్ భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 70ఇ చెబుతుంది.

ఖర్చు, శ్రమ: నమూనా తనిఖీకి కొన్ని ప్యానెళ్లు చాలు, పునర్గణనలో సాఫ్ట్‌వేర్ కంటే కేబుల్ పొడవులు, బ్రేకర్ సెట్టింగులు సేకరించడానికే ఎక్కువ సమయం పడుతుంది.

ప్రమాదం: ఆర్క్ కరెంటు ఎక్కువగా ఉంటేనే ముప్పు అనుకోవడం పొరపాటు, ఎందుకంటే అది బ్రేకర్ తక్షణ ట్రిప్ స్థాయికి (ఆలస్యం లేకుండా సరఫరా తెంచే కరెంటు స్థాయికి) కాస్త తగ్గినా, 0.05 సెకన్లలో తెగాల్సిన సరఫరా 0.5 సెకన్లు కొనసాగి, వెలువడే శక్తి సుమారు పదింతలవుతుంది. అందుకే తగ్గించిన ఆర్క్ కరెంటుతోనూ లెక్కించారా అన్నది ఏ పద్ధతిలోనైనా ముందు చూడాలి. కాగితంపై ఉన్న సెట్టింగును నమ్మితే నమూనా తనిఖీ వృథా. బ్రేకర్ డయల్‌నే చూడాలి.

ఎప్పుడు ఏది: వ్యవస్థ మారకపోతే నమూనా తనిఖీ సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మారినా, సరఫరా సంస్థ ఫాల్ట్ స్థాయి (షార్ట్ సర్క్యూట్ అయితే ప్రవహించగల కరెంటు) మారినా, లెక్కలు ఆర్క్ ఫ్లాష్ గణన ప్రమాణమైన ఐఈఈఈ 1584 యొక్క 2018 కూర్పుకు ముందువైనా పునర్గణనే మేలు.