బెజవాడ నుంచి గుంటూరుకు: బస, టోల్, మధ్యలో ఓ జామ్

గుంటూరులో పెళ్లి, మంగళగిరిలో చీరల పని, మామయ్యకేమో దుర్గమ్మ దర్శనం. హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరాం. గొల్లపూడి దాటి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేదాకా పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. 2020లో అది తెరిచాక కొండ కింద ఇరుక్కునే బాధ చాలావరకు తప్పింది.

బస విషయానికొస్తే, బెజవాడ బస్టాండు దగ్గర తీసుకున్న లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లూ వచ్చాయి. పార్కింగే నరకం. ఎవరి కారో తీయాలంటూ వాచ్‌మన్ అర్ధరాత్రి తలుపు కొట్టాడు. గుంటూరు బ్రాడీపేటలో గది చిన్నదే అయినా అద్దె తక్కువ, పొద్దున్నే కిందికి దిగితే వేడివేడి ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. రైల్లో వస్తే బెజవాడలోనే దిగండి. కారుంటే మాత్రం తాడేపల్లి, మంగళగిరి వైపు హైవే పక్కన చూసుకోవడం మేలు.

కాజ టోల్‌గేట్ దగ్గర పని చకచకా అయిపోయింది. అద్దం మీది ఫాస్టాగ్ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. లేన్ పైనున్న యాంటెన్నా పంపే రేడియో తరంగాల శక్తితోనే తన నంబరు చెబుతుంది. బార్ లేచింది, మామయ్య జేబులో ఫోన్ మోగింది. "చూశావా అల్లుడూ, డబ్బులు తీసుకోడానికి క్షణం పట్టలేదు!" అన్నాడు.

ఈ దారిన తరచూ తిరిగే సొంత కార్లవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన వార్షిక పాస్ లాభమే. వచ్చినప్పుడు దాని ధర 3,000 రూపాయలు. 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ట్యాగ్ లేకపోతే నగదుకి రెట్టింపు, యూపీఐకి ఒకటింపావు రెట్లు కట్టాలని 2025 నవంబరులో నిబంధన పెట్టారు.

మామయ్య మాటలో నిజం తిరిగొచ్చేటప్పుడు తెలిసింది: డబ్బులు తీసుకోవడంలో ఉన్న చురుకు కబురు చెప్పడంలో లేదు. ముందెక్కడో లారీ ఆగిపోయింది. బండ్లన్నీ నిలిచిపోయినా, నెత్తిమీది ఎలక్ట్రానిక్ బోర్డు మాత్రం సీటుబెల్టు పెట్టుకోమనే చెబుతోంది. పెట్టుకునే ఉన్నాం బాబూ! జామ్ సంగతి ముందు చెప్పింది ఫోన్‌లోని మ్యాపే.

జాతీయ రహదారుల సంస్థ 2023లో ట్రాఫిక్ నిర్వహణకు కొత్త విధానం తెచ్చింది. దాని ప్రకారం పెట్టే కెమెరాలు హెల్మెట్ లేకపోవడం, ట్రిపుల్ రైడింగ్, రాంగ్‌రూట్, రోడ్డెక్కిన పశువులు, ఇలా 14 రకాల సంఘటనలు పసిగట్టాలి. మంచిదే, అన్ని పెద్ద రోడ్లకూ రావాలి. కానీ కెమెరా చూసింది చలానాగా ఇంటికి రావడం కంటే ముందు బోర్డు మీదికి రావాలి. అదీ పక్కకు తిరిగే దారి ఇంకా ముందుండగానే. దాటిపోయాక చెప్పి ఏం లాభం?

దారిలో బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి. గుంటూరు నుంచి వస్తూ మ్యాపులో కృష్ణ మీది కనకదుర్గ వారధి వైపు ఎర్రగీత కనిపిస్తే, ఉండవల్లి మీదుగా ప్రకాశం బ్యారేజీ ఎక్కండి, కార్లు వెళ్తాయి. పెళ్లిళ్ల సీజన్‌లో సాయంత్రమైతే అక్కడా నత్తనడకే, చీకటి పడకముందే దాటేయండి.