జడ్పీ హైస్కూల్: చదువు బాగుంది, సిబ్బందే చాలరు

జిల్లా పరిషత్ హైస్కూల్లో సబ్జెక్టు టీచర్లంతా ఉంటే, ఫీజు లేకుండా దొరికే చదువుల్లో ఇంతకంటే మంచిది లేదు. బీఈడీ చేసి, డీఎస్సీలో నెగ్గి వచ్చినవాళ్లు చెప్పే పాఠం అది. చిక్కంతా ఖాళీలతోనే.

విద్యాహక్కు చట్టం 6–8 తరగతులకు 35 మంది పిల్లలకో టీచర్ ఉండాలంటుంది. ఈ లెక్క కాగితం మీద సరిపోయినా మోసం చేస్తుంది. లెక్కల టీచర్ ఒక్కరే ఉండి, ఆరు నుంచి పది దాకా రెండేసి సెక్షన్లుంటే రోజుకు పది పీరియడ్లు కావాలి. బడిలో ఉండేవి ఏడెనిమిదే! అప్పుడు ఫిజికల్ సైన్స్ టీచర్ లెక్కలకు వెళ్తారు, ప్రయోగశాలకు తాళం పడుతుంది. అందుకే చేర్చేముందు మొత్తం టీచర్ల సంఖ్య కాదు, టైమ్‌టేబుల్ అడిగి చూడండి. లెక్కలు, ఇంగ్లిష్, హిందీ గడుల్లో ఎవరి పేరుందో, డిప్యుటేషన్ మీద ఎవరు వెళ్లారో తెలుస్తుంది.

పిల్లల బాగోగుల విషయం ఇంకా బలహీనం. కౌన్సెలర్‌కు ప్రత్యేక పోస్టే లేదు, భారమంతా క్లాస్ టీచర్‌దే. ఇది నిజంగా బాధాకరం. అత్యవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, ఉచితం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయపడే ప్రభుత్వ భవిత కేంద్రం ఎక్కడుందో హెడ్‌మాస్టర్‌ను అడగండి.

ఎనిమిదో తరగతిలో కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఎన్ఎంఎంఎస్ పరీక్ష మరవొద్దు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా రూ. 12,000 వస్తుంది. కుటుంబ ఆదాయం 3.5 లక్షలు మించకూడదు. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా లేకపోతే డబ్బు ఆగిపోతుంది, ముందే సరిచేయించండి.