ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్‌కి ఏ పెల్లెట్ డబ్బా కొనాల? తిరుపతి నుంచి నా లెక్క

ముందే చెప్పేస్తా, ఇది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కొట్టేవాళ్ళ కోసం, అది కూడా సొంత డబ్బుతో పెల్లెట్లు కొనుక్కోని నెలాఖరుకి ఇంట్లో మాటలు పడేవాళ్ళ కోసం రాస్తా ఉండేది. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు 9ఎంఎం తూటాలు వెయ్యి ఉండే పెట్టె ఎంతకొచ్చింది, ఇత్తడి కేసు మంచిదా స్టీల్ కేసు మంచిదా అని గంటలు గంటలు మాట్లాడతా ఉంటారు కదా, అవి చూసేసి అన్నా మన దగ్గర హ్యాండ్‌గన్ అమ్యునిషన్ చీప్‌గా ఎక్కడ దొరుకుతుంది అని అడిగే తమ్ముళ్ళు ఎక్కువైపోయినారు. దొరకదు నాయనా. 9ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్, మామూలు మనిషికి లైసెన్సే రాదు. 0.32 రివాల్వర్‌కి కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి లైసెన్స్ తెచ్చుకున్నా తూటాలకి లిమిట్ ఉంటుంది, కొన్న ప్రతిదానికీ లెక్క ఉంటుంది, వాటితో రోజూ ప్రాక్టీస్ అనేది జరిగే పని కాదు. 25 మీటర్ల పోటీకి వాడే 0.22కి మళ్ళీ లైసెన్స్, అసోసియేషన్, ఇంపోర్ట్, ఆ తతంగమే వేరు.

అందుకని మనలాంటోళ్ళు చేత్తో పిస్టల్ పట్టుకోని గురి నేర్చుకోవాలంటే మిగిలేది 4.5 ఎంఎం సీసం పెల్లెట్టే, అంగుళాల్లో 0.177 అంటారే అది. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం 0.177 బోర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉండే ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. కొనేటప్పుడు ఐడీ జిరాక్స్ అడుగుతారు, ఇచ్చేయండి, దానికి గొడవ పడద్దు.

2024 పారిస్‌లో మను భాకర్ ఇదే ఈవెంట్‌లో కాంస్యం కొట్టినప్పటి నుంచి మా దగ్గరికి కొత్త పిల్లోళ్ళు వస్తానే ఉండారు, మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా పిస్టలే కదా, ఆ ఊపు కూడా ఉంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు చెప్పేస్తారు, మ్యాచ్ పెల్లెట్లు, అంటే పోటీల కోసం చేసే ఖరీదైనవి, తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు, జర్మనీ డబ్బానే కొను అని. ఆ సలహా ఇచ్చేది చాలావరకు రైఫిల్ కొట్టేవాళ్ళు. వాళ్ళ వరకు అది కరెక్టే, మనకి కాదు. ఎందుకో చెప్తా, ఇది అర్థమైతే మీ పాకెట్ మనీ సగం మిగులుతుంది.

రైఫిల్ టార్గెట్‌లో 10 పాయింట్లు ఇచ్చే నడిమధ్య భాగం అర మిల్లీమీటరు చుక్క, అంతే. పెల్లెట్ మందం 4.5, అంచు తగిలినా 10 ఇస్తారు కాబట్టి పెల్లెట్ నడిమధ్య భాగం టార్గెట్ మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్లు దాటితే 10 పోయినట్టే. పిస్టల్ టార్గెట్‌లో 10 రింగు 11.5 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే లెక్క వేసుకుంటే మనకి మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల దాకా వదులు ఉంది. పైగా పిస్టల్ క్వాలిఫికేషన్‌లో పాయింట్లు పూర్తి అంకెల్లోనే వేస్తారు, రైఫిల్‌కి మాదిరి 10.3, 10.6 అని దశాంశాలు లెక్కపెట్టరు, అది ఫైనల్స్‌లోనే. అంటే పిస్టల్‌ని స్టాండ్ మీద పెట్టి కొడితే పెల్లెట్లన్నీ ఒక సెంటీమీటరు లోపల పడతా ఉన్నాయనుకోండి, ఆ పెల్లెట్ మీ ప్రాక్టీస్‌కి ధారాళంగా సరిపోతుంది. మిగతా తప్పంతా మన మణికట్టుది, ట్రిగ్గర్ మీద వేలిది. 7 పడినప్పుడు పెల్లెట్‌ని తిట్టుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది గానీ స్కోరు పెరగదు.

అట్లని ఏది పడితే అది కొనమని కాదు. ఇప్పుడు అన్నిటికంటే చీప్ రకం గురించి మాట్లాడుకుందాం. గంగమ్మ జాతరలో బెలూన్లు కొట్టే అంగళ్ళు పెడతారే, అక్కడ వాడేటివి. డబ్బా మీద పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, బరువు ఎంతో, తల సైజు ఎంతో ఏమీ ఉండదు. ఒక బ్రాండ్ తెప్పించినా, పేరు రాయను. మూత తీసి పేపర్ మీద బోర్లిస్తే పెల్లెట్లతో పాటు నల్లగా సీసం పొడి రాలింది, పేపర్ మీద వేలు పెడితే వేలికి బూడిద రంగు అంటుకుంది. తర్వాత టీపాయ్ గ్లాసు మీద ఒక్కోటీ దొర్లించి చూసినా. ఇది మీరు కూడా చెయ్యండి, పైసా ఖర్చు లేదు. పెల్లెట్‌కి తల ఒక సైజు, వెనకాల పావడా ఒక సైజు కాబట్టి అది నేరుగా పోదు, చక్కగా వంపు తిరుగుతా గుండ్రంగా దొర్లుతుంది. పావడా నొక్కుకుపోయినదైతే నాలుగు అంగుళాలు పోయేలోపే టకటకమని ఎగురుతా ఎటో పక్కకి పడిపోతుంది, చెవికి కూడా తెలుస్తుంది ఆ శబ్దం. ఆ డబ్బాలో టకటక రకం బోలెడు. కొన్నిటికి పావడా ఒకవైపు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది, రెండు మూడింటికి లోపల సీసం ముక్క అట్నే అతుక్కోని ఉంది.

గాంధీ రోడ్డులో నగల షాపులో పనిచేసే ఫ్రెండ్ ఉన్నాడు, మధ్యాహ్నం బేరాలు లేని టైంలో వాళ్ళ కాటా మీద కూడా వేసి చూసినాం. బంగారం తూచే కాటా కదా, మిల్లీగ్రాములు చూపిస్తుంది. మ్యాచ్ డబ్బావి వేస్తే మూడో దశాంశం మాత్రమే కొంచెం కదులుతా ఉంది. ఈ జాతర సరుకు వేస్తే రెండో దశాంశమే ఊగులాడతా ఉంది, అర గ్రాము కూడా లేని వస్తువుకి అంత తేడా అంటే చూసుకోండి. వాళ్ళ సేటు వచ్చి ఇదేం బంగారం రా అని నవ్వి పోయినాడు.

ఇంక ధర లెక్క. చాలామంది డబ్బా ధర చూసి అబ్బ సగానికి సగం తక్కువ అని తీసేసుకుంటారు. ఊరికే లెక్క కోసం డబ్బా 300 అనుకోండి, 500 పెల్లెట్లు, ఒక్కోటి 60 పైసలు. అందులో 150 పక్కన పారేయాల్సి వస్తే మిగిలేది 350, ఒక్కోటి 86 పైసలైంది. ఏరడానికి మీరు కూర్చున్న టైం ఎవరిస్తారు? ఏరకుండా అట్నే కొడితే ఇంకా నష్టం, ఎందుకంటే షాట్ బాగానే వదిలినా 8లో పడుతుంది, కొత్తోడు తన చేతిదే తప్పనుకోని బాగున్న పట్టుని మార్చుకుంటాడు. దీనివల్ల వచ్చే అలవాటు పోగొట్టడానికి కోచ్‌కి నెలలు పడుతుంది.

మధ్య రకం దగ్గరికొద్దాం, నేను రోజూ వాడేది ఇదే. ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ, జర్మనీది, 0.45 గ్రాములు, తల చదునుగా ఉంటుంది, డబ్బాలో 500. ఎయిర్ పిస్టల్‌లో పెల్లెట్ సెకనుకి ఇంచుమించు 150 మీటర్ల స్పీడుతోనే పోతుంది, రైఫిల్ కంటే తక్కువ, అందుకే పిస్టల్‌కి తేలిక పెల్లెట్ వాడతారు, రైఫిల్ మ్యాచ్ పెల్లెట్ 0.53 గ్రాములు ఉంటుంది. తల చదునుగా ఉండటం ఎందుకంటే పేపర్‌కి పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రంగా బొక్క పడుతుంది, స్కోరు చదవడం ఈజీ. మొనదేలినవి, గుండు తలవి పేపర్‌ని చించేస్తాయి, అది 9నా 10నా అని కొట్టుకోవాల. హాబీని స్టాండ్ మీద నుంచి కొట్టి చూస్తే మా క్లబ్ పిస్టల్‌లో అయిదు షాట్లూ 10 రింగు లోపలే పడినాయి, ఒక్కోసారి ఒకటి అంచుకి పోతుంది, మనం నిలబడి చేత్తో కొట్టే ప్రాక్టీస్‌కి ఇంకేం కావాల. గ్లాసు మీద దొర్లిస్తే పక్కన పెట్టాల్సినవి చాలా తక్కువ. ఇదే రేంజ్‌లో హెచ్ అండ్ ఎన్ వాళ్ళ ఎక్సైట్ ఎకాన్ కూడా ఉంది, మా బ్యాచ్‌లో ఇద్దరు అదే వాడతారు, హాబీ స్టాక్ లేనప్పుడు నేను కూడా అదే తీసుకుంటా, పెద్ద తేడా పట్టుకోలేకపోయినా.

మ్యాచ్ రకంలో ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, మైస్టర్‌కూగెల్న్, హెచ్ అండ్ ఎన్ ఫైనల్ మ్యాచ్, చెక్ దేశం నుంచి వచ్చే జేఎస్‌బీ, ఇవన్నీ అద్భుతమే, అందులో డౌటు లేదు. 4.49, 4.50 అని తల సైజు చూసి కొనుక్కోవచ్చు, మన బ్యారెల్‌కి ఏది పడుతుందో టెస్ట్ చేసుకోవచ్చు. ఒక సంగతి చూసి తీసుకోండి, ఆర్10లో, మైస్టర్‌కూగెల్న్‌లో పిస్టల్‌కి 0.45, రైఫిల్‌కి 0.53 అని రెండు రకాలు ఉంటాయి, షాపువాళ్ళు కౌంటర్‌లో చేతికి దొరికింది ఇచ్చేస్తారు, డబ్బా తిప్పి గ్రాములు చదవండి. నా పద్ధతి ఏంటంటే మ్యాచ్ డబ్బా ఒకటే ఉంటుంది, పోటీకి ముందు వారం, పోటీ రోజు మాత్రమే మూత తీస్తా. ఆ వారం ఎందుకంటే పెల్లెట్ మారినప్పుడు షాట్లు గుంపుగా పడే చోటు కొంచెం జరుగుతుంది, పిస్టల్ మీద గురి చూసే సైట్లు సరిచేసుకోవాల, బ్యారెల్ కూడా కొత్త సీసానికి అలవాటు పడాల. పోటీలో 60 షాట్లు, 75 నిమిషాలు. ప్రాక్టీస్‌లో కూడా రోజుకి అటుఇటుగా అంతే కొడతాం, అంటే 500 డబ్బా వారం పదిరోజులకి ఖాళీ, రోజూ మ్యాచ్ రకమే కొడితే జీతాలొచ్చే మాకే కష్టం, స్టూడెంట్లకి ఏం చెప్తాం.

అసలు ఖర్చే లేని ప్రాక్టీస్ డ్రై ఫైరింగ్. మ్యాచ్ పిస్టళ్ళలో దానికి వేరేగా సెట్టింగే ఉంటుంది, పెల్లెట్ లేకుండా ఖాళీ గోడకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడమే. స్ప్రింగ్ పిస్టల్ ఉండేవాళ్ళు మాత్రం పెల్లెట్ లేకుండా నొక్కద్దు, లోపల పిస్టన్ పోయి గట్టిగా కొట్టుకోని దెబ్బతింటుంది. స్టీల్ బీబీలు, అంటే చిన్న స్టీల్ గుండ్లు, రైఫ్లింగ్ (లోపల మెలి తిరిగిన గీతలు) ఉండే బ్యారెల్‌లో అస్సలు వద్దు, ఆ గీతలు పోతాయి, గట్టి గోడకి తగిలితే తిరిగి మన మీదికే వస్తాయి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఏ పెల్లెట్ అయినా సరే.

కొనే చోటు విషయానికొస్తే తిరుపతిలో స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే క్రికెట్ బ్యాట్లు చూపిస్తారు. మేము చెన్నై పోయేవాళ్ళతో గన్ షాపు నుంచి తెప్పించుకుంటాం, లేదంటే ఆన్‌లైన్. ఆన్‌లైన్‌లో సమస్య కొరియర్. సీసం మెత్తది, డబ్బాని విసిరేస్తే లోపల పెల్లెట్లు ఒకదానికొకటి కొట్టుకోని పావడాలు నొక్కుకుపోతాయి. ఒకసారి మాకొచ్చిన పార్సిల్‌లో డబ్బా సొట్టపడి మూత ఊడిపోయి పెల్లెట్లన్నీ కవర్లో గలగలమంటా వచ్చినాయి, అమ్మినోడు కొరియర్ వాడి మీద, కొరియర్ వాడు అమ్మినోడి మీద, రూపాయి వాపస్ రాలేదు. అప్పటి నుంచి పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీస్తా ఉండాం. స్పాంజి ముక్క పైన పెట్టి బిగించిన డబ్బాలు బాగా తట్టుకుంటాయి. నచ్చిన లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) దొరికితే అదే లాట్ నంబర్‌వి ఒకేసారి తీసి పెట్టుకోండి, నవంబర్ వానలప్పుడు తేమకి తెల్ల పొడి పట్టకుండా మూత గట్టిగా పెట్టి బీరువాలో పెడితే చాలు.

సీసం కాబట్టి చేతులు. ప్రాక్టీస్ మధ్యలో వడ, టీ అని లేచిపోతారు పిల్లోళ్ళు, అదే చేత్తో తింటారు. సబ్బుతో కడగకుండా ఏదీ నోట్లో పెట్టద్దు, పెల్లెట్లు పంటి కింద పట్టుకోవడం అనే స్టైల్ అయితే వద్దే వద్దు, ఇంట్లో చిన్న పిల్లలుంటే డబ్బా తాళం వేసి పెట్టండి.

కపిలతీర్థం వైపు ఉండేవాళ్ళు కొంతమంది కోతుల కోసం ఏ పెల్లెట్ బాగుంటుంది అని అడుగుతారు. జంతువుని కొడితే కేసు అవుతుంది, దానికి సలహా నా దగ్గర లేదు. ఇంకోటి, కిట్ బ్యాగు కార్లో పడేసి అట్నే కొండకి బయల్దేరద్దు, అలిపిరి దగ్గర బ్యాగులన్నీ చెక్ చేస్తారు, పిస్టల్ బొమ్మ లాంటిది కనపడినా పక్కకి తీసుకెళ్తారు, దర్శనం టైం దాటిపోతుంది.

చిత్తూరులో గానీ రేణిగుంట వైపు గానీ హాబీ స్టాక్ పెట్టే షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండబ్బా, మా బ్యాచ్ అంతా కలిసి ఒకేసారి తీసుకుంటాం, చెన్నై బస్ చార్జీ అన్నా మిగులుతుంది.